నల్ల కిటికీలో పదిహేడు

శోభారాణక్కకు వంకర అంటే పడదు. మా అంగట్లో అడుగు పెడితే ముందు చేసే పని, నేను కొట్టి పేర్చిన అట్టల దొంతరను రెండు చేతులతో తట్టి సమం చేయడం. గోడ మీద క్యాలెండర్ ఒక పక్కకు వాలి ఉంటే మాట మధ్యలో లేచి దాన్ని సరిచేసి వస్తుంది. ఒకసారి ఏదో పెళ్ళిలో ముందు వరుసలో కూర్చున్న ముక్కూ మొహం తెలియని ఆమె పైట కుచ్చిళ్ళు వెనక నుంచి సర్దిందట. ఆ మనిషి తిరిగి చూసి మండిపడితే, "ఒక్కటే మిగిలింది, కదలద్దమ్మా" అని చెప్పి అదీ సర్దిందట. ఇరవై ఏళ్ళుగా పక్క గోడ మనిషిని కాబట్టి ఇవన్నీ భరించాను. ఆ అలవాటు మమ్మల్ని ఎక్కడికి తీసుకుపోతుందో తెలిసి ఉంటే, నా అట్టల జోలికి రావద్దని మొదటి రోజే గట్టిగా చెప్పి ఉండేవాడిని.

నా పేరు మోహన్. ధర్మవరంలో చీరల మగ్గాలకు అట్టలు కొడతాను. చీర మీద హంస కావాలన్నా, మామిడి పిందె కావాలన్నా అది ముందు గళ్ళ కాగితం మీద పడాలి. ఆ గళ్ళ ప్రకారం మా మిషన్ అట్టలకు చిల్లులు వేస్తుంది. ఆ అట్టలను దండలా కుట్టి మగ్గం మీద తగిలిస్తే, ఏ పోగు లేవాలో ఏ పోగు ఆగాలో ఆ చిల్లులే చెబుతాయి. గళ్ళు నింపేది శోభారాణక్క, చిల్లులు వేసేది నేను, నేసేది నారాయణన్న లాంటి వాళ్ళు.

ఆమె పుట్టింది పెనుకొండలో. వాళ్ళ నాయనకు అక్కడ బడి పుస్తకాల అంగడి ఉండేది. ఎలుక కొట్టినవీ, తడిసినవీ, ఎవరూ కొనని గ్రాఫు పుస్తకాలన్నీ కూతురికే. తోటి పిల్లలు వీధిలో ఆడుకుంటుంటే ఈమె గల్లాపెట్టె పక్కన కూర్చుని పెన్సిలుతో గళ్ళు నింపేది. జయరామ్ శెట్టిని చేసుకుని ధర్మవరం వచ్చింది. ఆయనది పట్టు నూలు అంగడి. కొత్త కోడలిగా ఉన్న రోజుల్లోనే, అంగడికి వచ్చిన ఒక నేతగాడి చేతిలో డిజైన్ కాగితం చూసి, హంస మెడకు రెండు గళ్ళు తక్కువయ్యాయని లోపలి నుంచి చెప్పింది. అతను నవ్వుకుంటూ పోయాడు, పది రోజులకు చీర పట్టుకుని తిరిగి వచ్చాడు. మెడ పొట్టిగానే దిగింది. ఆ తర్వాత డిజైన్ కాగితాలు ఆ ఇంటికే రావడం మొదలైంది. కంప్యూటర్లు వచ్చాక పెన్సిలు వదిలి మౌస్ పట్టింది. లెక్క మాత్రం ఇప్పటికీ పెదాలు కదుపుతూ వేస్తుంది.

మా ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది. ఎవరూ రాసింది కాదు. కొత్త డిజైన్ మొదటి చీర మగ్గం దిగి, దేవుడి ముందు పెట్టి పసుపు కుంకుమ చల్లేదాకా ఆ బొమ్మను ముగ్గురే చూడాలి: గీసినవారు, అట్టలు కొట్టినవారు, నేసినవారు. మగ్గం మీద ఉన్నన్ని రోజులూ పాత చీర కప్పి ఉంచుతారు. ఇంటికి వచ్చిన బంధువులు కూడా దాన్ని ఎత్తి చూడరు. చేతి మగ్గం మీద ఒక చీర దిగడానికి ఇరవై రోజులు పడుతుంది. అదే బొమ్మ పవర్ లూమ్ వాళ్ళకు దొరికితే వారంలో వందల చీరలు అంగళ్ళలో వేలాడతాయి. అప్పుడు చేత్తో నేసినవాడే దొంగలా కనిపిస్తాడు. ఇరవై ఏళ్ళలో శోభారాణక్క ఇంటి నుంచి ఒక్క గీత బయటికి పోలేదు. ఊళ్ళో ఆమెకున్న పేరు అదే, ఇంకో పేరు లేదు.

ఆమె కంప్యూటర్లోని బొమ్మ నా మిషన్‌కు రావాలంటే చాలా కాలం పెన్‌డ్రైవే దిక్కు. అది నా జేబులో పడి, నా జేబు మా ఇంటిదాని బకెట్లో పడి, రెండుసార్లు పని మొదటికి వచ్చింది. మూడోసారి ఏదో వైరస్ పట్టి నా మిషన్ రెండు రోజులు మూలపడింది. అప్పుడు ఆమె చెల్లెలి కూతురు దీపిక ఒక ఉపాయం చెప్పింది. ఆ పిల్ల హిందూపురంలో కంప్యూటర్ ఉద్యోగం చేస్తుంది. కంప్యూటర్లో ఒక నల్ల కిటికీ తెరిచి ఒక్క వరుస కొడితే చాలు, ఇంట్లో వైఫై పట్టుకున్న ఎవరైనా ఆ కంప్యూటర్లోని ఫైళ్ళను తమ బ్రౌజర్లో చూసి తీసుకోవచ్చు. కొనేది లేదు, ఎక్కించేది లేదు. పైథాన్, ఒక గీత, ఎం, హెచ్‌టిటిపి డాట్ సర్వర్. శోభారాణక్క దాన్ని క్యాలెండర్ కాగితం వెనక తెలుగు అక్షరాల్లో రాసుకుని స్క్రీన్ పక్కన అంటించుకుంది.

ఫోన్‌లో దీపిక చెప్పిన మాట నాకూ వినిపించింది, నేను అక్కడే ఉన్నాను.

"పెద్దమ్మా, నువ్వు యాడ నిలబడి ఈ మాట కొడితే ఆడుండేదంతా తెరుసుకుంటాది. అందుకే ముందు మోహన్ మామ ఫోల్డర్లోకి పో, ఆ తర్వాతే కొట్టు."

అందుకని ఆమె ఎప్పుడూ రెండు వరుసలు కొట్టేది. మొదటిది నా పేరు పెట్టిన ఫోల్డర్లోకి పోవడానికి, రెండోది తలుపు తెరవడానికి. తలుపు తెరిచి ఉన్నంతసేపూ ఆ నల్ల కిటికీలో ఎవరు ఏది తీసుకుంటే దాని పేరు, తీసుకున్న సమయం, తీసుకున్న యంత్రం నంబరు ఒక వరుసగా పడేవి. నా మిషన్ నంబరు చివర పన్నెండు ఉండేది. నేను గోడకు ఇవతల ఒక బొమ్మ తీసుకుంటే గోడకు అవతల ఆమె, "పన్నెండు వచ్చింది" అనేది. నాకు అది సరదాగా ఉండేది. ఆ కిటికీకి మంచి చెడ్డ తెలియదని, అడిగినవాడు ఎవరని చూడకుండా వడ్డించేస్తుందని, వడ్డించిన సంగతి మాత్రం నిజాయితీగా రాసిపెడుతుందని ఆ రోజుల్లో మేమిద్దరం ఆలోచించలేదు.

ఇంకొక్క సంగతి చెప్పాలి. కరోనా ఏడాది సందులో పిల్లలకు ఫోన్లలో పాఠాలు మొదలైనప్పుడు ఒక్క శోభారాణక్క ఇంట్లోనే వైఫై ఉండేది. నాలుగు ఇళ్ళ వాళ్ళు అడిగారు, నలుగురికీ పాస్‌వర్డ్ చెప్పింది. పిల్లలు బడికి పోయారు, కొందరు కాలేజీకి కూడా పోయారు. పాస్‌వర్డ్ మాత్రం ఆ ఇళ్ళలోనే ఉండిపోయింది. కుళాయి నీళ్ళు వద్దంటామా అనేది ఆమె లెక్క.

పోయిన ఏడు ఆషాఢం మొదట్లో నారాయణన్న వచ్చాడు. అరవై దాటిన మనిషి, ఊళ్ళో మంచి పనివాడని పేరు. భార్య రంగమ్మ పోయి అప్పటికి అయిదు నెలలు. సంచిలోంచి ఒక పాత నోట్‌బుక్ తీసి శోభారాణక్క చేతికి ఇచ్చాడు. రంగమ్మ వేసుకున్న మెలికల ముగ్గులన్నీ అందులో ఉన్నాయి. ఒక పేజీ మడత పెట్టి ఉంది. పదిహేను చుక్కల ముగ్గు, రంగమ్మ శుక్రవారం శుక్రవారం వాకిట్లో వేసేదట. దాన్ని చీరకు ఎక్కించాలి. మొదటి చీర తాడిమర్రిలో ఉన్న కూతురు మాధవికి, వరలక్ష్మీ వ్రతం నాటికి. తక్కిన అయిదు బెంగళూరులో ఒక అంగడికి.

"మా రంగమ్మ చేతిది ఒక్కటన్నా బిడ్డ ఒంటిమీద ఉండాలమ్మా," అన్నాడు. "ఈ పుస్తకం నేను ఎవరికీ సూపించలా. నీకే ఇస్తాండా."

ఆమె పది రోజులు దాని మీదే కూర్చుంది. చుక్కకు చుక్క, గీతకు గీత, నోట్‌బుక్‌లో ఉన్నది ఉన్నట్టు గళ్ళలో నింపింది. అది ఇంకా చిత్తు ప్రతి. నా ఫోల్డర్లో పెట్టలేదు, తన సొంత ఫోల్డర్లోనే ఉంచుకుంది.

ఆ వారం గాలి ఎక్కువగా ఉంది. మా ఊళ్ళో ఆషాఢం గాలికి ముందు రేకులు లేస్తాయి, ఆ తర్వాత కరెంటు పోతుంది. ఒక సోమవారం మధ్యాహ్నం నేను వేరే వాళ్ళ అంచు డిజైన్ తీసుకుంటుండగా కరెంటు పోయి వచ్చింది. ఆమె కంప్యూటర్ ఆరిపోయి మళ్ళీ వెలిగింది. నేను గోడ ఇవతల నుంచి తొందర పెట్టాను. "అక్కా, సగంలో ఉండాది, బిన్నా తెరువు" అన్నాను. ఆమె నల్ల కిటికీ తెరిచింది. రెండో వరుస కొట్టింది. మొదటిది కొట్టలేదు.

నా బొమ్మ నాకు దొరికింది, నేను పనిలో పడ్డాను. ఆ కిటికీ అట్లాగే శుక్రవారం దాకా తెరిచి ఉంది. దాని వెనక ఆమె చేసిన, చేస్తున్న పని అంతా తెరిచి ఉంది.

మంగళవారం సాయంత్రం ఆమెకు ఒక కొత్త వరుస కనబడింది. చివర పదిహేడు. కాసేపటికి ఇంకొకటి. నా వరుసలు పొట్టిగా ఉండేవి, ఈ పదిహేడు వరుసలు పొడుగ్గా ఉన్నాయి. ఆమె లేచి ఇల్లంతా చూసింది. ఇంట్లో ఆమె ఒక్కతే ఉంది. ఆమె ఫోన్ బల్ల మీదే ఉంది, జయరామ్ శెట్టి ఫోనుతో సహా అంగట్లో ఉన్నాడు. స్క్రీన్ మీద మాత్రం ఎవరో తన పక్కనే కూర్చుని కాగితాలు తిప్పుతున్నట్టు వరుస వెనక వరుస పడుతోంది. వరుసగా మూడు రోజులు, దీపాలు పెట్టే వేళకు, ఆ పదిహేడు వచ్చింది, కావలసింది తీసుకుంది, పోయింది.

బుధవారం ఆమె మా అంగడి గుమ్మం దగ్గరికి వచ్చి అడిగింది. "మోహన్, నువ్వు ఫోన్‌లో గూడా తీస్తాండావా?"

మిషన్ నడుస్తోంది. ఆ మోతలో సగమే వినబడింది. ఇంకోసారి అడగమని చెప్పడానికి బద్ధకించాను. "ఊ" అన్నాను.

ఆ ఊ నా నోట్లోంచే వచ్చింది. తర్వాత నేను మోసిన నిందలో దాని వాటా కూడా ఉంది. ఆమె ఊపిరి పీల్చుకుని వెళ్ళిపోయింది. నన్ను ఆమె ఎప్పుడూ అనుమానించలేదు కదా.

గురువారం ఆమె చిత్తు ప్రతిని ఆఖరిసారి చూసుకుంటూ ఒక చోట ఆగింది. ముగ్గుకు నాలుగు మూలలు. మూడు మూలల్లో గీత చక్కగా లోపలికి తిరిగి మూసుకుంది. నాలుగో మూలలో మాత్రం గీత చుక్కల హద్దు దాటి బయటికి పోయి, ఏమీ లేని చోట ఒక చుట్టు తిరిగి, మళ్ళీ లోపలికి వచ్చింది. నోట్‌బుక్‌లోనూ అట్లాగే ఉంది. రంగమ్మకు చివరి రోజుల్లో చేయి వణికి ఉంటుంది, పాపం అనుకుంది. ఆ వంకరను ఎంతసేపు చూడగలదు? ఆ చుట్టు చెరిపేసి, గీతను లోపలికి తిప్పి, నాలుగు మూలలూ ఒక్కటి చేసింది. సరిచేసిన దాన్ని నా ఫోల్డర్లో పెట్టింది. శుక్రవారం నేను దాన్ని తీసుకుని అట్టలు కొట్టాను. ఆ సాయంత్రం మళ్ళీ కరెంటు పోయి నల్ల కిటికీ మూసుకుంది. మర్నాడు ఆమె ఎప్పటిలాగే రెండు వరుసలూ కొట్టింది. పదిహేడు మళ్ళీ రాలేదు.

అట్టల దండ భుజాన వేసుకుని నారాయణన్న ఇంటికి నేనే పోయాను. ఆ వాకిట్లో ఒక మూలన పాత రోలు భూమిలో సగం పూడి ఉంటుంది. ఎన్నిసార్లు పోయినా నా కాలు దానికి తగులుతుంది. ఆ రోజూ తగిలింది, తిట్టుకున్నాను. ఆయన అట్టలను కళ్ళకు అద్దుకుని మగ్గానికి తగిలించాడు.

మొదటి చీర శ్రావణంలో దిగింది. పూజ చేసి మాధవికి పంపారు. వ్రతం అయిన నాలుగో రోజు మాధవి నాయనకు ఫోన్‌లో ఒక ఫోటో పంపింది. తాడిమర్రిలో వాళ్ళ పక్కింటామె అదే ముగ్గు ఉన్న చీర కట్టుకుని నిలబడి ఉంది. హిందూపురంలో కొన్నదట. అక్కడ కట్టలు కట్టలుగా ఉన్నాయట, ఏ రంగు కావాలంటే ఆ రంగులో. తన అమ్మ ముగ్గును ఊరంతా కట్టుకుంటుంటే చూడలేకపోతున్నానని ఆ పిల్ల ఏడ్చిందట.

నారాయణన్న ఆ ఫోన్ పట్టుకుని మా అంగడికి వచ్చాడు. అరవలేదు.

"ఏమప్పా మోహన్, మనం ముగ్గురమే కదా సూసింది," అన్నాడు. "నేను సెప్పలా. శోభమ్మ సెప్పదు."

మూడో పేరు ఆయన అననే లేదు. మెట్టు దిగి వెళ్ళిపోయాడు. ఆ వారం నుంచి మా అంగడికి మనుషులు రావడం తగ్గింది. వచ్చినవాళ్ళు కూడా ఇచ్చిన బొమ్మలు వెనక్కి తీసుకున్నారు. మా ఇంటిది నీళ్ళకు పోతే ఆడవాళ్ళు మాట మార్చేవారట. నెల రోజులు మిషన్‌కు నూనె వేస్తూ, దుమ్ము తుడుస్తూ కూర్చున్నాను. శోభారాణక్క మాత్రం నలుగురిలో, మోహన్ అట్లాంటోడు కాదు అని చెప్పింది. అయితే ఆ మాట అన్నప్పుడు ఆమె నా మొహం చూడలేదు. నాకు అది ఊరివాళ్ళ చూపు కంటే ఎక్కువ కాలింది. ఫోన్‌లో కూడా తీస్తున్నానన్నట్టు నేను అన్న ఆ ఊ ఆమెకు గుర్తొచ్చిందని నాకు అప్పుడు తెలియదు. నాకు గుర్తే లేదు.

ఆమె హిందూపురం పోయింది నా కోసం కాదు. ఆ మాట ఆమే ఒప్పుకుంది. దొంగ చీరను చేత్తో పట్టుకుని, నేను కొట్టిన అట్టలతో గడి గడి పోల్చి, నేనే ఇచ్చానని తేలితే నా మొహాన అడుగుదామని పోయింది. దీపికను కూడా తీసుకుపోలేదు. బజారులో మూడో అంగట్లోనే అది దొరికింది. ఆకుపచ్చ రంగు, ముట్టుకుంటే గరగరలాడే చీర. అంగడివాడు విప్పి చూపిస్తానంటే వద్దని చెప్పి కవర్లో వేయించుకుంది. సాయంత్రం ప్యాసింజర్ బండి ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. బండి కదిలాక చీర విప్పి, ఒళ్ళో పరుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, పెదాలు కదుపుతూ లెక్క మొదలుపెట్టింది.

మొదటి మూల సరిగ్గా ఉంది. రెండోది, మూడోది సరిగ్గా ఉన్నాయి. నాలుగో మూలలో గీత బయటికి పోయి, ఒక చుట్టు తిరిగి, లోపలికి వచ్చింది.

తప్పు చూశానేమో అని పక్క ముగ్గు చూసింది. దాని పక్కది చూసింది. చీర పొడుగునా ప్రతి ముగ్గులోనూ నాలుగో మూల అట్లాగే ఉంది. నా దగ్గరికి వచ్చిన బొమ్మలో ఆ చుట్టు లేదు. నేను కొట్టిన అట్టల్లో లేదు. నారాయణన్న నేసిన చీరలో లేదు. అది ఉన్నది లోకంలో రెండే చోట్ల: రంగమ్మ నోట్‌బుక్‌లో, ఆ గురువారానికి ముందు తన కంప్యూటర్లో. నోట్‌బుక్ ఆమె బీరువా దాటలేదు. తన సొంత ఫోల్డర్ పేరు కూడా కలిసి పొడుగ్గా పడిన ఆ పదిహేడు వరుసలు అప్పుడు ఆమెకు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. సోమవారం కరెంటు పోయి రావడం, నేను తొందర పెట్టడం, తాను ఎక్కడ నిలబడి ఆ మాట కొట్టిందీ గుర్తొచ్చాయి.

బండి పెనుకొండలో ఆగింది. రెండు నిమిషాలు ఆగుతుంది. ఆ ఊళ్ళో ఆమె అన్న ఇల్లు ఉంది, దిగితే ఎవరూ ఎందుకొచ్చావని అడగరు. ఆ కవర్ సీటు కింద వదిలేస్తే అది ఎవరిదని ఎవరూ అడగరు. నాలుగో మూల సంగతి ఈ భూమి మీద తాను తప్ప ఎవరికీ తెలియదు. నింద ఎట్లాగూ నా మీద ఉంది, పడి నెల కూడా అయింది, మోహన్‌కు అలవాటు అయిపోయి ఉంటుంది అని కూడా అనుకుందట. ఆమె లేచి నిలబడింది. కవర్ సీటు కింద ఉంది. తలుపు దాకా పోయింది. బండి కూత వేసింది. ఆమె తిరిగి వచ్చి కవర్ తీసి ఒళ్ళో పెట్టుకుని ధర్మవరం దాకా దాన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

ఇదంతా ఆమె ఇంటికి కూడా పోకుండా నేరుగా మా అంగడికి వచ్చి చెప్పింది. సీటు కింద వదిలేద్దామనుకున్న సంగతి దాచి ఉంటే నాకు తెలిసేది కాదు. దాచలేదు. నాకు ఒళ్ళు మండింది. నెల రోజులుగా మింగినదంతా ఆమె మీద కక్కాలనిపించింది. అంతలో ఆమె, "ఆ పొద్దు నిన్ను అడిగితే ఊ అంటివి కదప్పా" అంది. అప్పుడు నాకు ఆ ఊ గుర్తొచ్చింది.

ఆ పూటే ఆమె పాస్‌వర్డ్ మార్చింది. ఎందుకు మార్చిందో ఎవరికీ చెప్పలేదు. మేమిద్దరం గుమ్మంలో కూర్చుని చూశాం. ముందు ఎదురింటి యల్లక్క వచ్చింది, గిన్నెలో అలసందల కూర తెచ్చి, నెట్ రావడం లేదేమిటని అడిగింది. తర్వాత ఫోన్లు రిపేరు చేసే లోకేష్ వచ్చాడు. ఆ వెనక మూలింటి టీచరమ్మ. చివరికి మేడ మీద అద్దెకుండే వాళ్ళు. నాలుగు ఇళ్ళ వాళ్ళూ వచ్చారు, నలుగురూ నవ్వుతూనే అడిగారు. తప్పు చేసినవాళ్ళు అడగడానికి జంకుతారని మా లెక్క. ఒక్కరైనా రాకపోయి ఉంటే మాకు ఏదో ఒక దారి దొరికేది. ఆ పదిహేడు ఎవరి చేతిలో ఉందో ఈ రోజుకీ తెలియదు. యల్లక్క కూర ఆ రాత్రి శోభారాణక్క ముట్టలేదు.

పొద్దున్నే ఇద్దరం నారాయణన్న ఇంటికి పోయాం. రోలు మళ్ళీ నా కాలికి తగిలింది. ఆయన మగ్గం గుంతలోంచి లేచి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. శోభారాణక్క నిలబడే మొత్తం చెప్పింది. నల్ల కిటికీ, కొట్టడం మరచిన వరుస, పదిహేడు, అన్నీ చెప్పింది. మోహన్ తప్పు వెంట్రుకంత కూడా లేదు, తలుపు తెరిచి పెట్టింది నేనే అంది. ఆయనకు కంప్యూటర్ సంగతి ఎంత అర్థమైందో నాకు తెలియదు. తలుపు అన్న మాట అర్థమైంది.

"ఆ చీర ఇట్ల ఇయ్యి," అన్నాడు.

మోకాళ్ళ మీద పరుచుకుని బొటనవేలితో గీత వెంట పోయాడు. ఒక మూల, రెండో మూల, మూడో మూల. నాలుగో దాని దగ్గర వేలు ఆగింది. వెనక్కి వచ్చి మళ్ళీ ఆ చుట్టు తిరిగింది.

"ఈ తిప్పు యాడినుంచి వచ్చె?"

"రంగమ్మ పుస్తకంలో ఉన్నింది అన్నా," అంది శోభారాణక్క. "చెయ్యి తప్పిందేమో అనుకుని నేనే దిద్దినా. ఇది దిద్దక ముందుది."

ఆయన గడ్డం ఎత్తి వాకిట్లో మూలకు చూపించాడు. "ఆ మూలన రోలుండాది కదమ్మా. ముగ్గు పెడితే గీత దాన్ని సుట్టుకోని రావాల. ముప్పై ఏండ్లు అట్లే పెట్టె. పుస్తకంలో గూడా అట్లే రాసుకునింది."

శోభారాణక్క రోలు వైపు తిరిగి చూసింది. నేనూ చూశాను. నెలకు నాలుగుసార్లు నా కాలికి తగిలిన రోలు అది. ఆమెకు పక్కన పట్టుకోవడానికి ఏమీ లేక నా భుజం పట్టుకుంది.

"నేను నేస్తాంటే ఏందో తక్కువైందని అనిపిస్తానే ఉన్నింది," అన్నాడు ఆయన. "కండ్లు మసకబడినాయేమో అనుకుంటి. నేను నేసిన దాంట్లో రంగమ్మ లేదు శోభమ్మా. ఈ దొంగోడు నేసిన దాంట్లో ఉండాది."

ఆమె, ఈ రోజే ఆ చుట్టు మళ్ళీ పెడతానని, మోహన్ రేపటికల్లా కొత్త అట్టలు కొడతాడని, మిగిలిన చీరలన్నా సరిగ్గా దిగుతాయని చెప్పింది. నేను తలూపాను. ఆయన ఆ గరగరలాడే చీరను మోకాళ్ళ మీద నుంచి తీసి దగ్గరికి పోగేసుకున్నాడు.

"ఇప్పుడు అట్ల నేస్తే, వాళ్ళది సూసి మనం నేసినామంటారు," అన్నాడు.

ఆయన నోట్‌బుక్ అడిగాడు, ఆమె సంచిలోంచి తీసి ఇచ్చింది. ఆకుపచ్చ చీరను నాలుగు మడతలు పెట్టి, నోట్‌బుక్‌ను దాని మధ్యలో ఉంచి, లోపల రంగమ్మ ట్రంకు పెట్టెలో పెట్టి వచ్చాడు. నా దగ్గరికి వచ్చి తప్పైపోయిందని చెయ్యి పట్టుకున్నాడు. మేము వాకిలి దాటేలోపే మగ్గం చప్పుడు మొదలైంది. మిగిలిన చీరలు, నాలుగు మూలలూ సమంగా ఉన్నవి, ఆయన అట్లాగే నేసి ఇచ్చేశాడు. శోభారాణక్కకు మళ్ళీ పని ఇవ్వలేదు.

మనుషులు మా అంగడికి మెల్లమెల్లగా వస్తున్నారు. వంకర పోయినా నాకు కనబడదు, నా చేతికి దొంతర ఎప్పుడూ కుదరదు. శోభారాణక్క వచ్చినప్పుడు ఆ అట్టల వైపు చూస్తుంది, చేయి సగం దాకా చాపుతుంది, మళ్ళీ వెనక్కి తీసుకుని పైట కింద పెట్టుకుంటుంది.